గూడబాతుల ఊళ్ళో పెళ్ళి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మావాళ్ళంటారు. ఉంటే ఉండనీండి, ముక్కు నాది, కోపమూ నాది. అయినా అది నేను కష్టపడి సంపాదించుకున్నది కాదు, మా నాన్న ఇచ్చిన ఆస్తి. ఆయనైతే తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి. నాలుగో కాలు చూపిస్తే "అది తోకలే" అని కొట్టిపారేస్తాడు. అలాంటి మా ఇద్దరికీ ఒకసారి పక్షుల దగ్గర పేచీ వచ్చింది. మా తమ్ముడి పెళ్ళి పీటల దాకా వచ్చి ఆగిపోబోయింది. ఆ సంగతి చెబుతాను.

నేను కాపురానికొచ్చిన కొత్తలో, వానలతో పట్టుకున్న చలిజ్వరం శీతాకాలం వచ్చినా వదల్లేదు. రాజమండ్రిలో మాకు మందిచ్చే వైద్యుడు "కషాయాలు చాలమ్మా, ఇంక గాలి మారాలి" అన్నాడు. ఎక్కడికని వెళ్ళను? మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. అమ్మ తమ్ముడు, అంటే మా మావయ్య, కాలవ నీళ్ళొచ్చాక కొల్లేటి వైపు మాగాణి సంపాదించుకుని అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. ఆయన కూతుర్ని మా తమ్ముడికి చేసుకోవాలని ముందునుంచీ అనుకున్నదే. మాఘమాసంలో లగ్నం కూడా పెట్టేశారు. "నువ్వు ముందుగా వెళ్ళి ఒళ్ళు బాగుచేసుకో. పెళ్ళి చూసుకుని మీవాళ్ళతో వచ్చేద్దువుగాని" అన్నారు మా ఆయన.

గోదారి దాటి విజ్జేశ్వరం లాకుల దగ్గర పడవెక్కాం. తాడేపల్లిగూడెం దాటాక పిల్లకాలవలోకి తిరిగి ఊరి రేవులో దిగాం. నన్ను దిగబెట్టి మా ఆయన అదే పడవలో కచేరీ పనికి వెళ్ళిపోయారు. రేవు నుంచి చూస్తే చేలకు అవతల ఊళ్ళో చింతచెట్లకీ తాడిచెట్లకీ ఎవరో సున్నం కొట్టినట్టుంది. దగ్గరికెళ్తే అది సున్నం కాదు, రెట్ట! చెట్టు నిండా గూళ్ళు, గూటినిండా పక్షులు. ఊరంతా చేపల కంపు. ఈ గాలి పీల్చడానికా నేను ఇంత దూరం వచ్చింది అనుకున్నాను.

మర్నాడు అత్తయ్య పెరట్లో చాప మీద గుమ్మడి వడియాలు పెడుతుంటే నేను పక్కన కూర్చున్నాను. పైనించి చెంబుతో కుమ్మరించినట్టు పడింది. సగం వడియాల మీద, సగం నా కొత్త చీర మీద. ఊరుకుంటానా? "ఛీ దిక్కుమాలిన పక్షీ!" అని అరిచి, పక్షి బెదిరేలా పొయ్యి కట్టెతో చేట మీద బాదబోయాను. అత్తయ్య పరుగున వచ్చి నా నోరు మూసేసింది.

"అమ్మా తల్లీ, నెమ్మది! పైన పిల్లలున్నాయి."

"ఎవరి పిల్లలు?"

"వాటివేనమ్మా. మనం మాట్లాడుకుంటే వాటికేం లేదు, రోట్లో దంచుకున్నా బెదరవు. డోలు మోత, తుపాకి మోత, ఇలా చేటల మీద బాదడం, ఇవి మాత్రం కూడదు. పిల్లలు ఎగిరిపోయేదాకా మా ఊళ్ళో మేళం వాయించరు."

"మరి నా చీరో?"

"చీర ఉతుకుతాను. వడియాలు మళ్ళీ పెడతాను" అంది. ఇంకేమంటాను? ఆవిడ నవ్వుతూనే అంది గానీ నాకు మాత్రం ఆ పూటంతా ఒళ్ళు మండింది.

జ్వరం రోజు విడిచి రోజు వస్తూనే ఉంది. వచ్చిన రోజు అరుగు మీద మంచం వాల్చుకుని పడుకుంటే చూడ్డానికి పెరట్లో చింతచెట్టు తప్ప ఇంకేం లేదు. తిట్టుకుంటూనే చూశాను. బాతంటారు గానీ బాతెక్కడ, ఇదెక్కడ! మేకపిల్లంత పక్షి. బారెడు రెక్కలు, మూరెడు ముక్కు, ముక్కు కింద సంచి. పొలానికి నీళ్ళు తోడే గూడలా ఉంటుంది కాబట్టి గూడబాతు అన్నారని మావయ్య చెప్పాడు. అంత పక్షి చింతకొమ్మ చివర వాలుతుంటే కొమ్మ విరుగుతుందేమోనని నా గుండె ఝల్లుమనేది. అది మాత్రం ఏమీ ఎరగనట్టు రెక్కలు సర్దుకుని కూర్చునేది, పేరంటానికొచ్చిన పెద్దముత్తయిదువలా.

పొద్దెక్కి ఎండ చురుక్కుమనేదాకా కదలవు. అప్పుడు ఒక్కొక్కటే లేచి, రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ తిరుగుతూ పైకి పోతాయి. మెడ నొప్పి పుట్టేదాకా చూసినా అంతు కనపడదు. అక్కణ్ణుంచి కొల్లేటి వైపు జారిపోతాయి. మధ్యాహ్నం దాటాక సంచి నిండా చేపలతో తిరిగొస్తాయి. ఇక గూళ్ళలో గోల చూడాలి! పుట్టినప్పుడు ఒంటి మీద ఈక లేకుండా, చూడ్డానికి ఏవగింపుగా ఉన్న పిల్లలే, కొన్నాళ్ళకి తెల్లటి నూగు కప్పుకుని ముద్దొచ్చేలా తయారయ్యాయి. తల్లి నోరు తెరిస్తే పిల్ల తల, మెడ, భుజాల దాకా లోపలికి దూర్చేసేది. మొదటిసారి చూసినప్పుడు తల్లే పిల్లని మింగేస్తోందనుకుని మంచం మీంచి లేచి కూర్చున్నాను.

"మింగడం కాదు వదినా, తినిపించడం" అని నవ్వింది మావయ్య కూతురు. ఆ పిల్ల ఎదిగిన పిల్ల, ఇంటెడు చాకిరీ ఒంటి చేత్తో చేసేది. మాట తక్కువ. పక్షుల సంగతి ఎత్తితే మాత్రం ఆగేది కాదు. ఏ గూట్లో ఎన్ని పిల్లలు, ఏ తల్లి బద్ధకస్తురాలు, ఏ తండ్రి పక్క గూటి పుల్లలు ఎత్తుకొచ్చే దొంగ, అన్నీ చెప్పేది. మగపక్షి కూడా గుడ్ల మీద కూర్చుంటుందని అంటే నేను నమ్మలేదు. కళ్ళారా చూశాక, మా ఆయనకి ఈ మాట చెప్పాలనుకున్నాను.

జ్వరం తగ్గుముఖం పట్టాక మావయ్య మమ్మల్ని కొల్లేటికి తీసుకెళ్ళాడు. తాటిదోనెలో కూర్చోవాలంటే మొదట భయమేసింది, కాస్త కదిలితే చాలు ఒరుగుతుంది. లోపలికి పోయిన కొద్దీ ఒడ్డు మాయమైంది. ఎటు చూసినా నీళ్ళూ, కిక్కిస గడ్డీ, తామరాకులూ. ఆకుల మీద వేళ్ళు బారుగా చాపుకుంటూ నడిచే చిన్న పిట్టలు, మెడ మాత్రం పైకి పెట్టి పాములా ఈదే నల్ల పక్షులు, దూరంగా పరజలనే అడవిబాతులు. మా ఊరి గూడబాతులు అక్కడ నెలవంకలా వరస కట్టి, చేపల్ని లోతు తక్కువ వైపుకి తోలుతున్నాయి. అన్నీ ఒక్కసారే తలలు ముంచి, ఒక్కసారే ఎత్తాయి. "ఇన్నేళ్ళూ నేను గోదారి ఒడ్డున ఉండి ఏం చూశాను మావయ్యా?" అన్నాను. "గోదారిని చూశావు. ఇప్పుడు దీన్ని చూడు" అన్నాడాయన. ఆ రోజు నాకు నిజంగా ఆకలేసింది. ఇంటికొచ్చి మారు వడ్డించుకుని తిన్నాను.

ఇదంతా సరదాగా గడిచిపోతోందనుకుంటుండగా ఓనాడు పరాయి ఊరి గంగిరెద్దులవాడు వీధి మొదట్లోకి వచ్చాడు. పాపం, వాడికి ఈ ఊరి కట్టుబాటు తెలీదు. ఎవరూ అడ్డం వెళ్ళేలోపలే డోలు మీద నాలుగు దెబ్బలు వేశాడు. అంతే! చెట్లన్నీ ఒక్కసారి లేచిపోయినట్టయింది. రెక్కల చప్పుడికి చెవులు గడియలు పడ్డాయి, ఎండ మసకబారింది. ఎక్కడ పొంచి ఉన్నాయో, గద్దలూ కాకులూ ఖాళీ గూళ్ళ మీద వాలిపోయాయి. బెదిరిన పిల్లలు కొమ్మల మీంచి దొర్లి కింద పడ్డాయి. మావయ్య కూతురు ఒకదాన్ని పమిటలో ఎత్తుకొచ్చి నా పక్కన కూర్చుంది. అది ముక్కు తెరిచి మూసి, తెరిచి మూసి, ఆ పమిటలోనే పోయింది. ఆ పిల్ల ఏడవలేదు. "మేళం మోగితే ఇంతే వదినా" అంది. వాడికి బియ్యం పెట్టి పంపించారు, ఎవరూ తిట్టలేదు. నాకు మాత్రం ఆ రోజు అన్నం సహించలేదు.

అప్పుడు తట్టింది నాకు. మాఘమాసంలో పెళ్ళి. మా నాన్న మేళం తీసుకురాకుండా వస్తాడా?

"మావయ్యా, మా నాన్నకి చెప్పావా ఇక్కడ మేళం కూడదని?"

మావయ్య తెల్లమొహం వేశాడు. "గూడబాతులున్న ఊళ్ళో మేళం ఉండదని ఎవరికి తెలీదే?" అన్నాడు. చూశారా ఈ మగవాళ్ళ తెలివి! ఈయనకి లోకమంతా తన ఊరే. మా నాన్నకేమో మేళం లేని పెళ్ళి అనేది ఈ భూప్రపంచంలో లేదు. ఇద్దరిలో ఎవరికీ అడగాలని గానీ, చెప్పాలని గానీ తోచలేదు. అప్పటికి మావాళ్ళు రాజమండ్రి దాటి పడవలెక్కేసి ఉంటారు.

పడవలు రేవుకి వచ్చేసరికి నేను మావయ్యకంటే ముందు అక్కడున్నాను. నాన్న కొత్త తలపాగాతో ముందు దిగాడు. వెనకాల సన్నాయివాళ్ళు, డోళ్ళు. ఎదురుకోలు దగ్గర్నుంచి ఊళ్ళోదాకా వాయించాలని డోలు మెళ్ళో వేసుకున్నాడొకడు. కర్ర ఎత్తాడో లేదో, నేను పోయి రెండు చేతులూ డోలు మీద పరిచేశాను. "కొడితే నా చేతుల మీద కొట్టు" అన్నాను. వాడు బెదిరిపోయి మా నాన్న మొహం చూశాడు.

"జ్వరం తలకెక్కిందా ఏమే?" అన్నాడు నాన్న.

చెప్పాను. అంతా చెప్పాను. గూళ్ళు చూపించాను, గంగిరెద్దులవాడి సంగతి చెప్పాను. నాన్న విన్నాడు. విని, "పిట్టల కోసం నా కొడుకు పెళ్ళి మూగపెళ్ళి చెయ్యమంటావా? మేళం లేకుండా తాళి కట్టడం మన ఇంటా వంటా లేదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు? నీకేంటి మధ్యలో?" అన్నాడు.

మావయ్య చేతులు కట్టుకుని, "బావగారూ, మా ఊళ్ళో ఈ కాలంలో పెళ్ళిళ్ళన్నీ ఇలాగేనండి. పక్షి దిగిన ఊరికి పంట తప్పదని మా నమ్మకం. కాదంటే ఊరు నాకు నిప్పు కూడా ఇవ్వదండి" అన్నాడు.

"అయితే ఈ రేవులోనే పందిరి వెయ్యి. ఇక్కడ వాయించుకుంటాం."

"పెళ్ళిరాట ఇంటి ముందు పాతేశామండి. పాతిన రాట పీకితే పిల్లకి అరిష్టం కదండీ."

"అయితే పడవలు తిప్పండి" అన్నాడు నాన్న. అనడం కాదు, నిజంగానే వెనక్కి తిరిగాడు. మా తమ్ముడు నుదుట బాసికం కూడా కట్టుకోలేదు, అప్పుడే వాడి మొహం వాడిపోయింది. ఇంటి దగ్గర ఆ పిల్ల పసుపు బట్టల్లో కూర్చునుంది. పీటల దాకా వచ్చి ఆగిన పిల్లని మళ్ళీ ఎవరు చేసుకుంటారు? నేను పడవ దగ్గరికి పరిగెత్తాను.

"పంతులుగారూ, గట్టిమేళం ఎందుకండీ?" అని అడిగాను.

పురోహితుడు పడవలోంచే అన్నాడు: "తాళి కట్టే వేళ తుమ్మో, ఏడుపో, పాడుమాటో చెవిన పడకుండానమ్మా. డోలు కొట్టకపోతే ముడి పడదని శాస్త్రంలో ఎక్కడా లేదు."

"విన్నావుగా నాన్నా? పాడుచప్పుడు వినపడకూడదు, అంతేగా? అసలు చప్పుడే లేకుండా చేస్తాం. సరేనా?"

నాన్న నన్ను ఎగాదిగా చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, పందెం చూపు. "సరే. ఒక్క తుమ్ము గానీ, ఒక్క ఏడుపు గానీ నా చెవిన పడిందా, మూడోముడి పడకముందే వాణ్ణి పీటల మీంచి లేపి పడవెక్కిస్తాను. మళ్ళీ నా కాళ్ళు పట్టుకోవద్దు" అన్నాడు.

"పట్టుకోను" అన్నాను.

లగ్నం మర్నాడు పొద్దున్న. ఆ ఊరివాళ్ళకి ఇలాంటి పెళ్ళి అలవాటే గానీ పందెం అలవాటు లేదు. మావయ్య ఇల్లిల్లూ తిరిగి ముక్కుపొడుం కాయలన్నీ అడిగి తెచ్చుకున్నాడు. తాళి పడేదాకా ఎండుమిరపకాయ నూనెలో పడకూడదని వంటవాళ్ళకి నేను ఒట్టు పెట్టించాను. చంటిపిల్లల తల్లుల్ని చేలగట్టు మీది పాకలోకి పంపించాం. దూడల్ని తల్లుల దగ్గరికి విడిచేశారు. దగ్గు తాతగారొకాయన ఉంటే ఆయన బుగ్గన మిరియాలూ పటికబెల్లమూ పెట్టి, కదిలితే కొడతానన్నాను. అన్నీ అయ్యాక చూస్తే అసలు ప్రమాదం అత్తయ్య. ఒక్కగానొక్క కూతురు. కన్యాదానం దగ్గర ఏడవని తల్లి ఎక్కడుంది? "అత్తయ్యా, నీ కాళ్ళకి మొక్కుతాను" అన్నాను. ఆవిడ కొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకుంది.

పెళ్ళి మొదలైంది. మంత్రం తప్ప ఇంకో మాట లేదు. జీలకర్రా బెల్లం పెట్టారు, తెర దించారు. పెద్దపక్షులు అప్పుడే ఒక్కొక్కటీ లేచి కొల్లేటి వైపు పోతున్నాయి. పంతులుగారు తాళి ఎత్తి అందరికీ చూపించి, అలవాటు కొద్దీ వేలెత్తి మేళగాళ్ళ వైపు తిప్పాడు. వాళ్ళు డోళ్ళు దించుకుని చేతులు కట్టుకుని కూర్చున్నారు. అంత మంది జనంలో ఊపిరి తీసుకునే చప్పుడు కూడా లేదు. పైన గూళ్ళలో పిల్లలు కూస్తున్నాయి. మా తమ్ముడు వంగాడు. మొదటి ముడి వేస్తుంటే వాడి గోరు పసుపుతాడుకి రాసుకోవడం నాకు వినపడింది. పెళ్ళికూతురి గాజు ఒకటి కదిలి ఆగింది.

రెండో ముడి పడుతుండగా, ఏడుపు.

అందరం అత్తయ్య వైపు చూశాం. అత్తయ్య కొంగు నోట్లో అలాగే ఉంది, కళ్ళు పొడిగా ఉన్నాయి, ఆవిడ ఇంకెటో చూస్తోంది. ఆవిడ చూస్తున్న వైపు నేనూ చూశాను. మా నాన్న. పీట మీద నిటారుగా కూర్చుని, రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఎక్కిళ్ళు పెడుతున్నాడు. ఆపుకుందామని పెదాలు బిగబట్టిన కొద్దీ అది ఇంకా పెద్దదై బయటికొస్తోంది. ఆ నిశ్శబ్దంలో వీధి చివరిదాకా వినపడి ఉంటుంది.

తమ్ముడి చేతులు ఆగిపోయాయి. మూడోముడి ఉంది ఇంకా. ఎవరూ కదల్లేదు. షరతు పెట్టింది ఆయనే, తప్పింది ఆయనే. నేను ఇప్పుడు లేచి "ఏం నాన్నా?" అంటే ఊరంతా నవ్వేది.

నాన్న ఉత్తరీయంతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకున్నది తుడుచుకున్నట్టే మళ్ళీ తడిసింది. "కట్టరా. ఆగకు, కట్టు" అన్నాడు. తమ్ముడు మూడోముడి వేశాడు. అక్షింతలు పడ్డాయి.

భోజనాల వేళకి ఆయన కనపడలేదు. వెతికితే పెరటి అరుగు మీద ఒక్కడూ ఉన్నాడు, చెట్టు మీద పిల్లలకి పక్షి మేత పెట్టడం చూస్తున్నాడు. పక్కన కూర్చున్నాను. పందెం మాట ఎత్తలేదు.

"ఆ పిల్ల తల వంచి కూర్చుంటే మీ అమ్మ జ్ఞాపకమొచ్చిందే" అన్నాడు ఆయనే. "మీ అమ్మ పీటల మీద అలాగే కూర్చుంది. ఇవాళ అదుంటే కొడుకు పెళ్ళి చూసుకునేది. అంతే, ఆగలేదు."

నేను ఊరుకోవలసింది. కానీ ఎన్నాళ్ళనుంచో కడుపులో ఉన్న మాట, అనేశాను. "నా పెళ్ళప్పుడు మాత్రం నీ కంట తడి చూడలేదు నాన్నా. నన్ను పంపించేస్తుంటే నీకు ఏమీ అనిపించలేదనుకున్నాను. అత్తారింటికి వెళ్ళేటప్పుడు దారంతా అదే అనుకుంటూ వెళ్ళాను."

ఆయన నా వైపు తిరిగి, ఇంత తెలివితక్కువ పిల్లని కన్నానా అన్నట్టు చూశాడు.

"నీ పెళ్ళికి రెండు మేళాలు పిలిపించాను. ఎందుకనుకున్నావే?" అన్నాడు.

నేను ఆయన భుజం మీద తల పెట్టి బావురుమన్నాను. పెళ్ళింట్లో ఆడపడుచు ఏడవకూడదని లోపలినించి ఎవరో అన్నారు. అననీండి.